అయస్కాంతం మీద వేసిన నింద

ఒకే ఒక్క మాట నేను చెప్పకుండా వదిలేశాను. "ఫ్లాపీ బయటికి లాగే ముందు మిషనుకు చెప్పి తీయండి." అంతే. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టేది కాదు. చెప్పనందువల్ల ఒక మంచి పనివాడు కస్టమ్స్ ఆఫీసు మెట్లు దిగిపోయి, ఊరి బయట లారీలు తూచే కాటా గదిలో ఏళ్ల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. మా పాత ఆఫీసులో దాన్ని అయస్కాంతం కథ అని నవ్వుకుంటూ చెప్పుకునేవారు. ఆ కథలో అయస్కాంతం చేసిన తప్పేమీ లేదు. ఆ సంగతి నాకు మొదటి రోజు నుంచే తెలుసు.

ఇప్పుడు నేను ఆ ఉద్యోగంలో లేను. కంప్యూటర్ల పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు మాత్రం, "ఆ రోజుల్లోనే ఆఫీసంతా లినక్స్‌కి ఎలా మార్చారు సార్?" అని అడుగుతుంటారు. మార్చిన కథ చాలాసార్లు చెప్పాను, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. దాని కింద ఎవరు నలిగారో చెప్పలేదు. ఇది ఆ మిగిలిన సగం.

మాది రేవు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెన్సీ. ఓడ ఎక్కే సరుకుకీ, దిగే సరుకుకీ కస్టమ్స్‌కి ఇవ్వాల్సిన సరుకు వివరాల బిల్లులు తయారుచేసి, అనుమతి తెచ్చి, సరుకు కదిలించడం మా పని. నేను అక్కడి కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చిన మనిషి. నేను ఉక్కునగరం క్వార్టర్సులో పెరిగాను. కొలిమి గురించి అడిగితే ఏదైనా చెప్పగలను గానీ, ఓడరేవు గురించి నాకేమీ తెలియదు. ఏ గేటుకు ఎటునుంచి వెళ్లాలో, ఏ ఆఫీసరు ముందు నవ్వుతూ మాట్లాడాలో, ఎవరి ముందు నోరు మూసుకుని కాగితం పెట్టి పక్కకు నిలబడాలో నాకు నేర్పినవాడు మా భాయ్.

భాయ్ వన్ టౌన్ మనిషి. తాతల కాలం నుంచీ అక్కడే ఉన్న కుటుంబం. నాకన్నా బాగా పెద్దవాడు, సన్నటి మనిషి. ఆయన నడవగా నేను చూడలేదు, ఎప్పుడూ పరుగే. మేము తయారుచేసిన బిల్లును ఫ్లాపీలో వేసుకుని, కాగితాల కట్ట చంకన పెట్టుకుని కస్టమ్స్ ఆఫీసుకు పోయి, పని ముగించుకు రావడం ఆయన ఉద్యోగం. ఫ్లాపీ చూడని వాళ్ల కోసం చెబుతున్నాను: అరచేతిలో ఇమిడే చదరపు ప్లాస్టిక్ బిళ్ల. ఇప్పటి ఒక ఫోటో కూడా అందులో పట్టదు. కానీ ఆ బిళ్ల సమయానికి చేరకపోతే అంత పెద్ద ఓడా మన సరుకు వదిలేసి వెళ్లిపోయేది. భాయ్ చొక్కా జేబుకు కస్టమ్స్ వారి గుర్తింపు కార్డు ఉండేది. ఆ కార్డు కనబడేలా చొక్కాను ప్రత్యేకంగా ఇస్త్రీ చేయించుకునేవాడు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాకు రెండు బెడదలు వచ్చిపడ్డాయి. ఒకటి వైరస్. పది ఆఫీసుల ఫ్లాపీలు పది చోట్ల తిరిగి వచ్చేవి, వస్తూ వస్తూ ఏదో ఒక తెగులు తెచ్చేవి. పొద్దున్నే బిల్లు కొట్టాల్సిన మిషను నల్లటి తెర వేసుకుని కూర్చునేది. రెండోది, మా మిషన్లలో ఉన్న విండోస్ ఏదీ కొన్నది కాదు. ఎవరో ఇచ్చిన సీడీ నుంచి ఎక్కించుకున్నది. అలాంటి కాపీలు వాడే ఆఫీసుల మీద సోదాలు జరుగుతున్నాయని ఒక పుకారు పుట్టింది. మా యజమానికి నిద్ర పట్టడం మానేసింది.

అప్పటికి నేను సీతమ్మధారలో ఒక ట్యుటోరియల్ గదిలో ఆదివారాలు కలిసే చిన్న గుంపులో తిరుగుతున్నాను. కాలేజీ పిల్లలు, బ్యాంకు ఉద్యోగి ఒకాయన, నాలాంటి వాళ్లు ఇంకొందరు. అందరికీ లినక్స్ పిచ్చి. విండోస్ బదులు మిషన్ను నడిపించే ఉచిత వ్యవస్థ అది, వైరస్‌లు దాని జోలికి పెద్దగా రావు. కంప్యూటర్ పత్రికతో పాటు ఉచితంగా వచ్చే సీడీని ఒకరి చేతుల్లోంచి ఒకరు తీసుకునేవాళ్లం. దానికి రెండు నియమాలు. ఎవరైనా ఎంతమందికైనా కాపీ ఇవ్వొచ్చు. తప్పు కనబడితే దాచకుండా అందరికీ చెప్పాలి. ఒకడు పడిన గోతిలో ఇంకొకడు పడకూడదు. మొదటి నియమం నాకు బాగా వంటబట్టింది.

విండోస్ తీసేసి లినక్స్ పెడదామని యజమాని దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే.

"కొత్తగా ఏటైనా నేర్సుకోవాలా? మనోళ్లకి ఒకటి నేర్పితే ఇంకోటి మర్సిపోతారు."

"ఏమీ అక్కర్లేదండీ. పాతదాని లాగే ఉంటుంది. బొమ్మలు మారతాయంతే."

"ఒక్కటీ కొత్తది లేదా?"

"ఒక్కటీ లేదండీ."

ఆ హామీ ఇచ్చేటప్పుడే అందులో చిన్న అబద్ధం ఉందని నాకు తెలుసు. తర్వాత సర్దుకోవచ్చులే అనుకున్నాను.

మా యజమాని కొత్త లారీ కొన్నా, కొత్త బీరువా కొన్నా సింహాచలం కొండకు తీసుకెళ్లందే వాడడు. లినక్స్ సీడీని కూడా తీసుకెళ్లాడు. స్వామి పాదాల దగ్గర పెట్టించి, చందనం బొట్టు పెట్టించుకుని తెచ్చాడు. ఆ బొట్టు సరిగ్గా మెరిసే వైపే పెట్టారు. తడి గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, దండం పెట్టుకుని మిషన్లో పెట్టాను. ఎక్కింది. దేవుడి దయో, గుడ్డ మహిమో!

ఆ తర్వాత కొన్ని వారాలు నేను మొండిగా పనిచేశాను. బిల్లులు తయారుచేసే ప్రోగ్రాము విండోస్ కన్నా ముందరి డాస్ కాలం నాటిది. దాన్ని లినక్స్ లోపల నడిపించే ఉపాయం పట్టుకోవడానికి చాలా తంటాలు పడ్డాను. సూదుల ప్రింటరు కాగితం మీద సగం అక్షరాలు కొట్టి సగం మింగేసేది. దాన్ని దారికి తెచ్చాను. ఉక్కునగరం నుంచి బస్సులో వచ్చి బిల్లులు టైపు చేసే ఒక అక్క ఉండేది. భర్తది ఫ్యాక్టరీ ఉద్యోగం, వాళ్లదీ మా గోదావరే. ఆమె మొదటి వారమంతా నన్ను కూర్చోనివ్వలేదు.

"నా ఎఫ్-టూ ఎక్కడికి పోయిందండీ బాబూ? నొక్కితే ఇంకేదో వచ్చి కూర్చుంటోంది. ఇదేం చోద్యమండీ!"

అకౌంట్లు చూసే ఆయన ఈ ఊరివాడే. మగాళ్లందరినీ బావా అనే పిలిచేవాడు కాబట్టి మేమూ ఆయన్ను బావ అనేవాళ్లం. ఆయన తెర మీద లినక్స్ గుర్తయిన పెంగ్విన్ బొమ్మ చూసి, "ఏటి బావా, ఈ బాతు గుడ్లెడతాదా, ఊరకే తిని కూకుంటాదా?" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఆఫీసులో లినక్స్ పేరు బాతు.

భాయ్ మాత్రం ఒక్కసారి కూడా ఎగతాళి చేయలేదు. "తమ్ముడు పెడతన్నాడంటే మంచిదే అయ్యుంటాది," అని అందరికంటే ముందు తనే వచ్చి కూర్చున్నాడు. "ఫ్లాపీ ఎట్లా ఎక్కించాలో సెప్పు. మిగతాది నాకెందుకు?"

ఇక్కడే చెప్పాల్సిన మాట ఉంది. పాత విండోస్‌లో ఫ్లాపీ మీదికి ఫైలు లాగితే అది వెంటనే కిర్రు కిర్రు మంటూ రాసేసేది. శబ్దం ఆగగానే బిళ్ల లాగేసుకోవచ్చు. లినక్స్ అలా కాదు. ఫైలు లాగగానే "ఎక్కింది" అన్నట్టు తెర మీద తెరుచుకున్న ఫ్లాపీ కిటికీలో పేరు చూపిస్తుంది గానీ, నిజానికి దాన్ని తన దగ్గరే పెట్టుకుని, తీరిక చూసుకుని కాసేపాగి రాస్తుంది. అందుకే తీసే ముందు ఫ్లాపీ బొమ్మ మీద మౌస్ కుడి బటను నొక్కి, తీస్తున్నామని దానికి చెప్పాలి. అప్పుడు దాచుకున్నదంతా గబగబా రాసి వదిలిపెడుతుంది. చెప్పకుండా వెంటనే లాగేస్తే ఖాళీ బిళ్ల చేతికొస్తుంది.

నేర్పించే రోజున యజమాని నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. "ఒక్కటీ కొత్తది లేదన్నావ్ గదా?" అని రెండుసార్లు గుర్తుచేశాడు. ఫైలు లాగడం చూపించాను. ఫ్లాపీ కిటికీలో పేరు కనబడింది. "అంతే భాయ్," అన్నాను. "అంతేనా?" అన్నాడు భాయ్. "అంతే."

ఒక చిన్న ప్రోగ్రాము రాసి, ఆ చెప్పడమేదో మిషనే చూసుకునేలా చేద్దామనుకున్నాను. ఈ వారం కాకపోతే వచ్చే వారం. ఈలోపు పని సజావుగానే సాగింది. ఎందుకు సాగిందో నాకు అప్పుడు తట్టలేదు. భాయ్ ముందుగా ఫ్లాపీలో బిల్లు వేసేవాడు. ఆ తర్వాత అక్క దాని కాగితాలు ప్రింటు తీసేది. సూదుల ప్రింటరు అరుచుకుంటూ అన్ని ప్రతులూ కొట్టేసరికి భాయ్ ఒక టీ తాగేవాడు. ఆ టీ తాగే సమయంలో మిషను తీరిగ్గా ఫ్లాపీ మీద రాసుకునేది. మమ్మల్ని కాపాడింది నా తెలివి కాదు, ఆ ప్రింటరు నిదానం.

ఆ రోజు రొయ్యల కంటైనర్ ఉంది. గడ్డకట్టించిన సరుకు. ఓడ సాయంత్రం కదులుతుంది, సరుకు లోపలికి రావడానికి రేవు గేటు మధ్యాహ్నమే మూసేస్తారు. ఎగుమతిదారు బిల్లు వివరాలు ఆలస్యంగా పంపాడు. ఆఫీసంతా కాళ్ల మీద నిలబడి ఉంది. నేను భాయ్‌కి సాయం చేద్దామనుకున్నాను. అక్కతో, "ముందు ప్రింట్లు తీసిపెట్టేయండి. ఆయనకు కాస్త టైము కలిసొస్తుంది," అన్నాను. ఆమె తీసిపెట్టింది. భాయ్ వచ్చాడు, ఫైలు ఫ్లాపీ మీదికి లాగాడు, కిటికీలో బిల్లు పేరు పైకి చదివాడు, బిళ్ల లాగి జేబులో వేసుకున్నాడు, సిద్ధంగా ఉన్న కాగితాలు అందుకుని పరిగెత్తాడు. నేను వెనకనుంచి, "అల్లాడించెయ్ భాయ్!" అన్నాను కూడా.

అనుకున్న సమయానికి ముందే తిరిగొచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"తమ్ముడూ, ఇందులో ఏటీ లేదంతన్నారు. నాను సూసినాను గదా! సదివి మరీ తీసినాను."

ఫ్లాపీ నా మిషన్లో పెట్టాను. ఖాళీ. ఆ క్షణంలోనే మొత్తం అర్థమైపోయింది: ప్రింట్లు ముందు తీయించడం, టీ లేకపోవడం, నా చెప్పని మాట. ఇంకో ఫ్లాపీ తీసుకుని నేనే రాశాను. నా ఒంటితో తెర కనబడకుండా అడ్డుపెట్టి, కుడి బటను నొక్కి, శబ్దం ఆగాక తీసి ఇచ్చాను. భాయ్ మళ్లీ పరిగెత్తాడు. అనుమతి వచ్చేసరికి గేటు మూసేశారు. ఓడ మా కంటైనర్ వదిలేసి వెళ్లిపోయింది.

ఎగుమతిదారు ఫోనులో ఏమన్నాడో యజమాని మాకు చెప్పలేదు. రిసీవర్ పెట్టేశాడు. తర్వాత అందరినీ పిలిచాడు.

"ఇది బాతు సేసిన పనా?" అని నన్ను సూటిగా అడిగాడు.

నేను నోరు తెరిచేలోపు బావ అందుకున్నాడు. పాపం, ఆయన సరదాకే అన్నాడు. "భాయ్ ఆ స్క్రాపు యార్డు పక్కనుంచే గదేటి పోతాడు? అక్కడ క్రేనుకి అంత పెద్ద అయస్కాంతం ఏలాడతా ఉంటాది. ఓడలోంచి ఇనప ముక్కల్నే లాగేత్తంది, ఈ బిళ్ల ఒక లెక్కా?"

ఆ రోజుల్లో పాత ఇనుము ఓడల మీద వచ్చేది. బండి చక్రమంత అయస్కాంతం కట్టిన క్రేను దాన్ని గుప్పిళ్లతో ఎత్తి పోసేది. ఆ యార్డు గోడ పక్కనుంచి కస్టమ్స్‌కి ఒక అడ్డదారి ఉంది. అది ప్రమాదమని, అటు వెళ్లొద్దని యజమాని ఎప్పుడో అందరికీ చెప్పి ఉన్నాడు. ఆయన ముఖం మారిపోయింది.

"నాను ఇయాల ఆ దారంట పోలేదు సార్," అన్నాడు భాయ్. "మెయిన్ రోడ్డంట పోయినాను. కసం."

"పోలేదు, సూసినాను, సదివినాను! మరి బిల్లు ఏటయింది? నువ్వు తొందర మీద అడ్డదారిన పడకుండా ఉంటావా?" అని యజమాని నా వైపు తిరిగాడు. "ఏటయ్యా, అయస్కాంతం లాగేత్తాదా?"

అందరూ నన్ను చూస్తున్నారు. ఫ్లాపీలకు అయస్కాంతం పడదన్న మాట నిజమే. గోడ ఇవతల నుంచి వెళ్లేవాడి జేబులోని బిళ్లను అది ఏమీ చేయలేదన్నదీ నిజమే. నిజం చెబితే రేపటికల్లా లినక్స్ తీయించేస్తాడని నాకు తెలుసు. ఇన్ని వారాల మొండితనం, ఆదివారం గుంపులో నా పేరు, అన్నీ ఆ ఒక్క జవాబు మీద నిలబడి ఉన్నాయి.

"అవ్వొచ్చండీ," అన్నాను.

భాయ్ నా వైపు చూశాడు. కోపంగా కాదు. నేను చెప్పానంటే అందులో ఏదో ఉండే ఉంటుందని ఆలోచిస్తున్నట్టు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ ఎదురుపడుతుంటుంది.

అదే రోజు అందరూ వెళ్లేలోపు నేను ఆ చిన్న ప్రోగ్రాము రాసేశాను. వారాల తరబడి వాయిదా వేసిన పని, కూర్చుంటే అయిపోయింది. ఇక నుంచి ఒక బొమ్మ నొక్కితే చాలు. మిషనే ఫైలు ఎక్కించి, రాసి, వదిలిపెట్టి, "ఇప్పుడు తీయవచ్చు" అని చెబుతుంది. యజమానికి దాన్ని కొత్త సౌకర్యం అని చూపించాను. ఆయన మెచ్చుకున్నాడు.

భాయ్‌ని కస్టమ్స్ పని నుంచి తీసేశారు. ఊరి బయట మా యార్డులో లారీలు తూచే కాటా దగ్గరికి పంపారు. జీతం తగ్గించలేదు, యజమాని చెడ్డవాడు కాదు. కానీ గుర్తింపు కార్డు వెనక్కి తీసుకున్నారు. ఫ్లాపీలు బావ తీసుకెళ్లడం మొదలుపెట్టాడు, మెయిన్ రోడ్డు మీదుగా. ఒక్కటీ ఖాళీ రాలేదు. వస్తుందా మరి! "సూసేరా? దారి మారిస్తే సరిపోయింది," అనేవాడు యజమాని. నేను దిద్దిన తప్పే నా అబద్ధానికి రుజువైపోయింది.

కస్టమ్స్ ముందు టీ కొట్టు దగ్గర ఈ కథకు కాళ్లొచ్చాయి. భాయ్ ఎప్పుడైనా జీతానికి ఆఫీసుకొస్తే పక్క ఏజెన్సీల వాళ్లు కేకలేసేవారు. "ఓ మేగ్నెట్ భాయ్! జేబులో మేకులు అంటుకున్నాయేటి, సూసుకో!" "భాయ్, గడియారం తీసి దూరంగా ఎట్టు బాబూ, ఆగిపోగలదు!" ఆయన నవ్వేవాడు. కొన్నాళ్లకు ఆఫీసుకు రావడం తగ్గించేశాడు. జీతం మనిషి చేత పంపేవారు.

ఆదివారం గుంపులో నన్ను మాట్లాడమన్నారు, ఒక ఆఫీసు మొత్తాన్ని లినక్స్‌కి మార్చిన అనుభవం చెప్పమని. చెప్పాను. చివర్లో బ్యాంకు ఆయన అడిగాడు. "ఇబ్బందులేమీ రాలేదా?"

"ఏమీ రాలేదండీ."

నా మాటలు విని ఇంకో ఏజెన్సీ కుర్రాడు వాళ్ల ఆఫీసులోనూ పెట్టాడు. ఒకరోజు ఫోన్ చేశాడు. "సార్, ఒక్కోసారి ఫ్లాపీలు ఖాళీగా వస్తన్నాయి. ఏటి కారణం?" నిమిషంలో చెప్పేశాను, అడిగినవీ అడగనివీ అన్నీ. ముక్కూ మొహం తెలియని వాడికి చెప్పగలిగిన మాట, నాకు రేవు నేర్పిన మనిషికి చెప్పలేకపోయాను. అయినా ఆ రోజు కూడా చెప్పలేదు. రేపు అనుకున్నాను. నా రేపటి వాయిదాలకు లెక్కలేదు.

ఏళ్లు గడిచాయి. కస్టమ్స్ బిల్లులు నెట్ మీద పంపడం వచ్చింది. ఫ్లాపీ పరుగులు ఆగిపోయాయి. కాటా గదికి కూడా కంప్యూటర్ పెట్టాలని యజమాని నిర్ణయించి నన్ను పంపాడు.

వెళ్లేసరికి భాయ్ గది కడిగించి ఉంచాడు. గడ్డం నెరిసింది. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి ఉంది. పక్కన మూత ఉన్న స్టీలు డబ్బా.

"ఇదేంటి భాయ్?"

"ఫ్లాపీలు, సీడీలు ఏటైనా ఉంటే ఇందులో ఎడతాను. కాటా కింద అంతా ఇనుమే గదా. లారీలు కూడా తిరగతా ఉంటాయి. నీ బాతుకి ఏటీ అవ్వదు గదా, తమ్ముడూ?"

ఆయన నా ముందు స్టూలు మీద కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"సాన్నాళ్ల నుంచి నీతో ఒక మాట అనాలనుకుంతన్నాను. ఆ రోజు నా వల్ల నీకు సెడ్డపేరొచ్చేది. బాతుని తీయించేసేవోళ్లు. నాను మెయిన్ రోడ్డంట పోయిన మాట నిజమే. కానీ రోడ్డు మీద ఆ క్రేను సామాను మోసే లారీ ఏదో నా పక్కనుంచి పోయుంటాది. నాను సూసుకోలేదు. నువ్వు అవ్వొచ్చన్నావ్ గదా. నువ్వు ఉత్తినే అనవు. మనసులో ఏటీ ఎట్టుకోకు."

ఆయన నాకు క్షమాపణ చెబుతున్నాడు. నా అబద్ధం నిజం కావడానికి తన దారిలో ఒక లారీని కల్పించుకుని మరీ చెబుతున్నాడు.

ఇక రేపు అనే వీలు లేదు. తెచ్చిన మిషను తీగలు తగిలించి, లినక్స్ నడిపించాను. నా ప్రోగ్రాము దాని మీద ఇంకా ఎక్కించలేదు. సంచిలోంచి ఒక పాత ఫ్లాపీ తీసి ఆయన చేతికిచ్చాను. "ఆ రోజు చేసినట్టే చేయండి భాయ్." ఆయన ఫైలు లాగాడు. కిటికీలో పేరు వచ్చింది. "తీసేయండి." తీశాడు. పక్కన ఉన్న నా ల్యాప్‌టాప్‌లో పెట్టమన్నాను. ఖాళీ. రెండోసారి నేను చేశాను, కుడి బటను నొక్కి చూపించాను. డ్రైవు కిర్రుమంది. తీసి పెడితే ఫైలు ఉంది.

ఆయన ఫ్లాపీని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత స్టీలు డబ్బా వైపు చూశాడు. బయట ఒక లారీ కాటా ఎక్కి హారన్ కొడుతోంది. ఆయన లేవలేదు.

"ఇది నీకు ఆ రోజే తెలుసా?"

"తెలుసు భాయ్. అంతకు ముందు నుంచే తెలుసు. మీకు నేర్పినప్పుడే చెప్పాలి. కొత్తదేమీ లేదని ఆయనకు మాటిచ్చానని చెప్పలేదు. తర్వాత భయపడి చెప్పలేదు."

లారీ డ్రైవరు కిటికీలోంచి, "ఏటి భాయ్, పడుకున్నావా?" అని అరిచాడు. భాయ్ లేచి వెళ్లి బరువు చూసి, చీటీ రాసిచ్చి వచ్చాడు. వచ్చి నిలబడే మాట్లాడాడు.

"నాతో సెప్తే ఏటి లాభం? నాను ఆ దారంట పోలేదని నాకు తెలుసు. ఆళ్లకి తెలీదు. ఆళ్ల ముందు అవ్వొచ్చన్నావ్. ఆళ్ల ముందే కాదని సెప్పు."

"రేపు పొద్దున్న ఆఫీసుకు రండి. అందరి ముందూ చెబుతాను."

"ఇప్పుడు ఏడిపించకుండా పని సూసుకో. కాటాకి మిషను గావాల." అని ఆగి, "ఆ కుడి బటను మళ్లీ ఒకసారి సూపించు," అన్నాడు.

మా ఆఫీసులో పొద్దున్నే యజమాని సింహాచలం స్వామి పటానికి అగరొత్తులు వెలిగిస్తాడు. అందరం నిలబడి దండం పెట్టుకున్నాకే పని పంచుతాడు. ఆ సమయానికి రమ్మన్నాను భాయ్‌ని. ఇస్త్రీ చొక్కాతో వచ్చి తలుపు దగ్గర ఆగాడు. జేబుకు కార్డు లేదు.

"ఓలమ్మా, ఎవరొచ్చేరో సూడండి!" అన్నాడు బావ. "ఏటి భాయ్, మేగ్నెట్ వదిలేసిందా?"

అక్క నవ్వింది. భాయ్ నవ్వలేదు. నేను యజమాని ముందుకు వెళ్లాను. ఆ రోజు రొయ్యల కంటైనర్ పోయింది అయస్కాంతం వల్ల కాదని మొదలుపెట్టి, చెప్పని మాట, ముందు తీయించిన ప్రింట్లు, నేను తెరకు అడ్డుపెట్టి రాసిన రెండో ఫ్లాపీ, ఆ రోజే రాసిన ప్రోగ్రాము, అన్నీ వరసగా చెప్పాను. అగరొత్తి బూడిద పటం ముందు రాలింది.

"అయితే అప్పుడే సెప్పుండొచ్చు గదయ్యా," అన్నాడు యజమాని చివరికి.

"లినక్స్ తీయించేస్తారని భయపడ్డానండీ."

"తీయించేసేవోణ్నే," అన్నాడాయన. నిజాయితీ గల మనిషి. "ఇప్పుడు నన్నేటి సెయ్యమంతావు? ఆ కస్టమ్స్ పనే లేదు. కార్డు తిరిగిచ్చినా ఎక్కడ సూపిస్తాడు?"

అది నిజం. నేను తీసేసుకున్నదాన్ని తిరిగివ్వడానికి అది ఇప్పుడు లోకంలోనే లేదు. నా భయం నిజమైనదే, అయినా అది సాకు కాదు. బావ తల దించుకుని తన బల్ల మీది స్టాంపును అటూ ఇటూ జరుపుతున్నాడు. అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను తలుపు దగ్గరికి వెళ్లాను. భాయ్ కన్నార్పకుండా నన్నే చూస్తున్నాడు. ఆ పాత చూపు కాదు. ఈసారి నా మాటలో ఏముందో ఆయన ఆలోచించడం లేదు. విని, తూచి తీసుకోవడానికి నిలబడ్డాడు. నేర్చుకుని వచ్చిన మాటలు కొన్ని ఉన్నాయి. అవి గుర్తురాలేదు. అందరికీ వినబడేంత గట్టిగా అన్నాను.

"భాయ్, ఆ రోజు మీరు మెయిన్ రోడ్డు మీదుగానే వెళ్లారు. ఫ్లాపీలో బిల్లు పేరు చూసి, చదివే తీశారు. మీరు చెప్పిన ప్రతి మాటా నిజం. అబద్ధం ఆడింది నేను. నన్ను క్షమించండి."